జీ1 ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల సేకరణ: ఏది కొనాలి, ఎలా గుర్తుపట్టాలి, ఎలా కాపాడుకోవాలి

పాత ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు, అంటే బండిగానో వస్తువుగానో మారే రోబోలు, కొందామని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఈబే తెరిచి "ఆప్టిమస్ ప్రైమ్ 1984" అని కొట్టి, కనిపించినవాటిలో చవకైనది తీసేసుకుంటారు. పార్సిల్ విప్పి చూస్తే పిడికిళ్లు ఉండవు, తుపాకీ ఉండదు, లేదంటే అసలది 1984 నాటిదే అయ్యుండదు. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ దెబ్బతో ఈ సరదా మీదే మనసు విరిగిపోవడం నాకు ఎక్కువ బాధగా అనిపిస్తుంది. అందుకే కొనడం గురించి చివర్లో చెప్తాను, దానికి ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

జీ1 అంటే జెనరేషన్ 1, అంటే అమెరికాలో 1984 నుంచి 1990 దాకా హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ అమ్మిన తొలి వరస. 2007 సినిమాలోని బంబుల్‌బీ కమారో కారు, ఇక్కడి బంబుల్‌బీ ఫోక్స్‌వాగన్ బీటిల్. సినిమాల బొమ్మలు వేరే లోకం, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

మొదటి మెట్టు: కార్టూన్ పాత్ర కావాలా, అప్పటి వస్తువు కావాలా?

ఇది తేల్చుకోకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. ఎందుకో అర్థం కావాలంటే ఈ బొమ్మలు ఎక్కడ పుట్టాయో తెలియాలి. జపాన్‌లో టకారా అనే కంపెనీ 1980లో డయాక్లోన్ అనే వరస మొదలుపెట్టింది. లోపల బుల్లి డ్రైవర్ కూర్చుని నడిపే యంత్రాలవి, వాటిలోనే తర్వాత కార్లు, విమానాలుగా మారే రోబోలు వచ్చాయి. 1983లో మైక్రో ఛేంజ్ అని ఇంకో వరస వచ్చింది, ఇంట్లో ఉండే వస్తువులు, అంటే టేప్ రికార్డరు, క్యాసెట్టు, పిస్తోలు లాంటివి రోబోలుగా మారతాయి. హాస్‌బ్రో ఈ రెండింటి నుంచీ బొమ్మలు ఏరుకుని, కలిపి, ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టింది. మార్వెల్ కామిక్స్‌లో పనిచేసే బాబ్ బుడియాన్‌స్కీ వాటిలో చాలావాటికి పేర్లు పెట్టి, స్వభావాలు రాశాడు. టీవీ సీరియల్ 1984 సెప్టెంబర్ 17న మొదలై 1987 దాకా 98 ఎపిసోడ్లు నడిచింది.

అంటే బొమ్మ ముందు పుట్టింది, కార్టూన్ తర్వాత వచ్చింది. బొమ్మను చూసి గీసినవాళ్లు, టీవీలో ముఖం కనపడాలి, పెదాలు కదలాలి కాబట్టి చాలా మార్చేశారు. ఐరన్‌హైడ్‌నే తీసుకోండి. టీవీలో ఎర్రటి ఒళ్లు, గుండ్రటి తల, పెద్దమనిషి తీరు. బొమ్మ చేతికి తీసుకుంటే అసలు తలే లేదు! నిస్సాన్ వ్యాన్ ముందు భాగం నిటారుగా నిలబడితే దాని అద్దం వెనక ఒక సీటు, ఆ సీటు మీద ముఖం అనుకోవాల్సిన స్టిక్కరు, అంతే. డయాక్లోన్‌లో అది డ్రైవర్ కూర్చునే చోటు. రాచెట్ కూడా అదే అచ్చు, అదే సంగతి. రంబుల్, ఫ్రెంజీ అయితే ఏకంగా తారుమారయ్యారు. బొమ్మల్లో రంబుల్ ఎరుపు, ఫ్రెంజీ నీలం, కార్టూన్‌లో దానికి సరిగ్గా తిరగేసి. దీని మీద అభిమానులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు పెట్టె మీద అచ్చువేసిందే లెక్క. ఇక జెట్‌ఫైర్ టకారా బొమ్మే కాదు, టకటోకు అనే కంపెనీ మాక్రాస్ సీరియల్ కోసం చేసిన విమానం. కార్టూన్‌లో దాని రూపమూ మార్చారు, పేరూ స్కైఫైర్ అని మార్చారు.

కాబట్టి టీవీలో చూసిన ఆ మనిషి అల్మారాలో నిలబడాలన్నదే మీ కోరికైతే 1984 బొమ్మలు మిమ్మల్ని నిరాశపరుస్తాయి, అది వాటి తప్పు కాదు. మీకు సరిపోయేవి 2003లో మొదలైన మాస్టర్‌పీస్ వరస, ముఖ్యంగా 2011లో వచ్చిన ఎంపీ-10 ఆప్టిమస్, లేదా తక్కువ ఖర్చులో స్టూడియో సిరీస్ 86. మోకాళ్లు, మోచేతులు వంగుతాయి, కార్టూన్ పోలిక దిగిపోతుంది. అలా కాక, బరువైన లోహం భాగాలు, మెరిసే క్రోమ్ పూత, రబ్బరు టైర్లు, తలుపు తెరిస్తే రెక్కలయ్యే ఆ తెలివి ఇవి మీకు నచ్చితే అసలైన జీ1 బొమ్మల దారి పట్టండి. రెండూ కావాలనేవాళ్లకు టకారా టోమీ 2024లో మిస్సింగ్ లింక్ అని మొదలుపెట్టింది, పాత రూపం అలాగే ఉంచి లోపల కొత్త కీళ్లు పెట్టారు.

రెండో మెట్టు: గీత గీసుకోండి

అన్నీ కావాలనుకుంటే అది ఎప్పటికీ తెగదు. 1984 మొదటి ఏడాది పాత్రలే 28: ఆటోబాట్లు (కథలో మంచివాళ్లు) 18, డిసెప్టికాన్లు (వాళ్ల శత్రువులు) 10. ఇది చాలా చక్కటి హద్దు, కథకి మూలపురుషులంతా ఇందులోనే ఉన్నారు. కొంచెం చిన్న గీత కావాలంటే ఆ ఏడాది ఆటోబాట్ కార్లు పదకొండు. ఇంకా చిన్నది కావాలంటే మినీ కార్లు ఆరు: బంబుల్‌బీ, క్లిఫ్‌జంపర్, బ్రాన్, గేర్స్, హఫర్, విండ్‌చార్జర్.

కొత్తవాళ్లకి నేను మినీ కార్లే చెప్తాను. అరచేతిలో ఇమిడిపోతాయి, విడిగా వచ్చే తుపాకులూ మిసైళ్లూ లేవు కాబట్టి పోయే భాగాలే లేవు, దొరికేవాటిలో ఎక్కువ పూర్తిగానే దొరుకుతాయి. బంబుల్‌బీ పసుపులోనూ ఎరుపులోనూ అమ్మారు, క్లిఫ్‌జంపర్‌ని కూడా అలాగే. ఎర్ర బంబుల్‌బీ కనిపిస్తే ఎవరో రంగేశారని కంగారు పడకండి. పాత బొమ్మ చేతిలో ఎలా ఉంటుంది, ప్లాస్టిక్ ఎలా అరుగుతుంది, స్టిక్కరు అంచు ఎలా లేస్తుంది, ఇవన్నీ ఈ ఆరింటి మీదే నేర్చుకోవచ్చు.

మొదట్లోనే ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ఆరుగురు కన్‌స్ట్రక్టికాన్లు కలిసి డెవాస్టేటర్ అవుతారు చూడండి, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఒక్కొక్కరికీ తుపాకులు, కలపడానికి కావాల్సిన చేతులు, కవచాలు ఇలా విడిభాగాల జాబితా చాంతాడంత. అందులో ఒక్క ముక్క కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు. 1987 నాటి ఫోర్ట్రెస్ మాక్సిమస్ ఇంచుమించు రెండడుగుల బొమ్మ, దాని కథ ఇంకా పెద్దది. అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

మూడో మెట్టు: "పూర్తి" అంటే ఏమిటో రాసిపెట్టుకోండి

ధరంతా ఇక్కడే ఉంటుంది. అమ్మేవాళ్లు "కంప్లీట్" అని రాస్తారు, కానీ ఏం ఉండాలో వాళ్లకే తెలియని సందర్భాలు ఎక్కువ. కొనాలనుకున్న ప్రతి బొమ్మకీ ముందు జాబితా రాసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్స్ వికీ, పాత సూచనల పుస్తకాల స్కాన్లు నెట్‌లో ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆప్టిమస్‌కి లారీ ముందు భాగం ఉంటే సరిపోదు. రెండు పిడికిళ్లు (ఇవి విడిగా వస్తాయి, అందుకే ముందు పోయేవి ఇవే), నల్ల రైఫిలు, ట్రైలర్, అందులో కూర్చునే రోలర్ అనే చిన్న బండి, పెట్రోలు పంపు గొట్టం, దాని చివరి నాజిల్, ట్రైలర్ లోపలి యంత్రం తాలూకు మిసైళ్లు. ఆ నాజిల్ గోరంత ఉంటుంది, కార్పెట్లో పడితే అంతే సంగతులు.

సౌండ్‌వేవ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, జీ1లో నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ అది. జేబులో పట్టే క్యాసెట్ ప్లేయరు. మీట నొక్కితే ఛాతీ మీది తలుపు తెరుచుకుంటుంది, లోపల క్యాసెట్టు. 1984లో దాంతోపాటు పెట్టెలో వచ్చిన క్యాసెట్టు బజ్‌సా అనే పక్షి. రావేజ్, రంబుల్ జంటగా ఒక ప్యాకెట్లో, ఫ్రెంజీ, లేజర్‌బీక్ జంటగా ఇంకో ప్యాకెట్లో అమ్మారు. కాబట్టి సౌండ్‌వేవ్‌ని "పూర్తి సెట్" అని అమ్ముతూ లోపల రావేజ్ ఉంటే, ఎవరో రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి జత చేశారని అర్థం. తప్పేం లేదు, ధర మాత్రం దాన్ని బట్టే ఉండాలి. దాని ఆయుధాలు బ్యాటరీల ఆకారంలో ఉంటాయి, వీపు వైపు బ్యాటరీ అరలో దాచుకుంటాడు. నాకు తెలిసి ఈ మొత్తం వరసలో ఇంతకంటే అందమైన ఆలోచన లేదు. కొనేముందు ఆ అర మూత ఉందా, తలుపు నొక్కితే తెరుచుకుంటోందా, మూస్తే పట్టుకుంటోందా అని వీడియో అడగండి. మంచి అమ్మకందారు విసుక్కోకుండా పంపుతాడు.

కాగితాలు కూడా సేకరణలో భాగమే. పెట్టె వెనక టెక్ స్పెక్స్ అని ఆ పాత్ర బలం, తెలివి, వేగం గీతల్లో చూపించే చార్టు ఉంటుంది, దాన్ని పెట్టెలో వచ్చిన ఎర్ర ప్లాస్టిక్ ముక్క అడ్డుపెట్టి చదవాలి. పిల్లలు దాన్ని కత్తిరించుకుని దాచుకునేలా చేశారు. రోబో పాయింట్లు అని ఇంకొకటి కత్తిరించి పోస్టులో పంపితే వేరే బొమ్మలు తెప్పించుకునే వీలుండేది. కాబట్టి పాత పెట్టెకి వెనక కిటికీలాంటి చిల్లు ఉంటే ఆ పెట్టె నిజంగా ఒక పిల్లాడి చేతిలో బతికిందన్నమాట. అలాంటి పెట్టె చవకగా వస్తుంది, నాకైతే అవే ముద్దు.

నాలుగో మెట్టు: అసలు, పునర్ముద్రణ, నకిలీ

టకారా, హాస్‌బ్రో ఇద్దరూ పాత అచ్చులతోనే మళ్లీమళ్లీ బొమ్మలు తీశారు. 2000 తర్వాత ఒక విడత, 2007 నుంచి ఎన్‌కోర్ పేరుతో ఇంకో విడత, 2018లో వాల్‌మార్ట్‌లో మరో విడత. ఇవి నకిలీలు కావు, కంపెనీ సరుకే. అప్పటి బొమ్మ రూపం చాలు, అప్పటి వయసు అక్కర్లేదు అనుకుంటే ఇవి కొనడమే తెలివైన పని. చిక్కల్లా ఎవరైనా వీటిని 1984వని అమ్మినప్పుడే.

ఆప్టిమస్‌కి ఒక సులువైన గుర్తు ఉంది. లారీ మీది పొగ గొట్టాలు చూడండి. 1984 నాటివి పొడుగ్గా ఉంటాయి, 2002లో అమెరికాలో వచ్చిన పునర్ముద్రణలో పిల్లల భద్రత పేరుతో పొట్టిగా చేసేశారు. అన్ని పునర్ముద్రణలకీ ఇది వర్తించదు కాబట్టి పొట్టి గొట్టాలుంటే పాతది కాదని చెప్పొచ్చు గానీ, పొడుగ్గా ఉన్నంత మాత్రాన పాతదని ఒప్పేసుకోవద్దు.

రబ్ సైన్ ఇంకో గుర్తు. వేలితో రుద్దితే వేడికి ఆటోబాట్ లేదా డిసెప్టికాన్ ముద్ర బయటపడే చిన్న చదరపు స్టిక్కరు అది, 1985లో మొదలైంది. 1984 మొదటి సరుక్కి ఉండదు, అందువల్ల అది లేకపోతే నకిలీ అనుకోకూడదు. ఉంటే మాత్రం 1985 లేదా తర్వాతి తయారీ అనుకోవచ్చు, అప్పటికే అమ్ముతున్న 1984 పాత్రలకి కూడా దాన్ని అతికించి అమ్మారు.

అసలు పరీక్ష ముద్రల దగ్గర. చాలా బొమ్మలకి ఎక్కడో ఒకచోట, సాధారణంగా కాలి కిందో వీపు మీదో, టకారా, హాస్‌బ్రో పేర్లు, సంవత్సరం, తయారైన దేశం చెక్కి ఉంటాయి. ఆ చోటు దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. నకిలీల్లో ఆ అక్షరాలు చెరిపేసి ఉంటాయి, లేదా అక్కడ నునుపుగా ఒక మచ్చ మిగులుతుంది. లోహం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ వాడతారు కాబట్టి చేతిలో తేలిగ్గా అనిపిస్తుంది. అసలుదైతే ఆ భాగం వేలికి చల్లగా తగులుతుంది. ఇంకో మాట: ముద్రించిన సంవత్సరం హక్కుల సంవత్సరం మాత్రమే, తయారైన సంవత్సరం కాదు. డయాక్లోన్ కాలం నాటి తేదీలు ఉండటం మామూలే.

విడి మిసైళ్లు, పిడికిళ్లు కొత్తగా అచ్చుపోసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అల్మారా నిండుగా కనపడటానికి అవి వాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ "ఒరిజినల్" అని అమ్మితే అది మోసమే, దాని గురించి మెత్తగా మాట్లాడలేను.

ఐదో మెట్టు: స్థితి చూడటం

బొమ్మకో బలహీనత ఉంటుంది, అది తెలుసుకుని సరిగ్గా అక్కడే చూడాలి. మిరేజ్ ఫార్ములా వన్ కారు, నడుం దగ్గర విరుగుతుంది, మారుస్తున్నప్పుడు తొందరపడిన ప్రతి చెయ్యీ అక్కడే విరిచింది. ఆ చోట ఫొటో లేకపోతే కొనకండి. జెట్‌ఫైర్ తెల్లటి ఒళ్లు పసుపెక్కుతుంది, అసలు తెలుపు మిగిలిన జెట్‌ఫైర్ దొరకడం గగనం. అందుకని ఒళ్లంతా ఒకేలా పసుపెక్కినదాన్ని చూడండి, ఒక కాలు తెల్లగా ఇంకో కాలు పసుపుగా ఉంటే రెండు బొమ్మల్ని కలిపారని అనుమానించాలి.

బంగారు రంగు ప్లాస్టిక్ గురించి తప్పక తెలుసుకోండి. ఎనభైల చివర్లో, తొంభైల్లో బంగారు మెరుపు పొడి కలిపి పోసిన కొన్ని ప్లాస్టిక్‌లు కాలం గడిచేకొద్దీ లోపల్నుంచే పెళుసెక్కిపోతాయి, ముట్టుకుంటే బిస్కెట్టులా రాలిపోతాయి. పెట్టెలో సీలుతో ఉన్నా తప్పదు. జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ దీనికి పేరుమోసింది. పైన పూసిన బంగారు క్రోమ్‌కి ఈ జబ్బు లేదు, డైనోసార్లుగా మారే డైనోబాట్లని చూసి భయపడక్కర్లేదు.

గ్రేడింగ్ చేసి, అంటే స్థితికి మార్కులు వేయించి, అక్రిలిక్ డబ్బాలో బిగించిన బొమ్మలు కూడా అమ్ముతారు. నాకు వాటి మీద మోజు లేదు, రూపం మార్చడానికే పుట్టిన బొమ్మని మార్చకుండా ఉంచడం నాకు నచ్చదు.

ఆరో మెట్టు: ఇప్పుడు కొనండి

అమ్మకందారు అడిగే ధర ధర కాదు. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది, అది పెట్టి చివరి కొన్ని నెలల్లో అదే బొమ్మ, అదే స్థితిలో ఎంతకి పోయిందో చూస్తే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. జపాన్ సరుక్కి టోక్యో నకానో బ్రాడ్‌వేలోని మండరాకే అనే పాత సరుకు దుకాణం మంచి చోటు, వాళ్లు స్థితిని ఉన్నదున్నట్టు రాస్తారు, విదేశాలకీ పంపుతారు. యాహూ జపాన్ వేలంలో కొనాలంటే బయ్యీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సర్వీసులు కావాలి. టొరంటోలో మొదలైన టీఎఫ్‌కాన్ లాంటి సమావేశాలకు వెళ్లగలిగితే ఇంకేం కావాలి, బొమ్మని చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు.

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లకి వారాంతం గరాజ్ సేల్స్ మంచి అవకాశం. ఎనభైల్లో పిల్లలుగా ఉన్నవాళ్ల ఇళ్లు ఖాళీ అవుతున్నప్పుడు అట్టపెట్టె నిండా కలగాపులగంగా ఇచ్చేస్తుంటారు. ఆ పెట్టె అడుగున వెతకండి, మిసైళ్లూ పిడికిళ్లూ ఉండేది అక్కడే.

హైదరాబాద్‌కో విజయవాడకో పార్సిల్ తెప్పించుకునేవాళ్లు కస్టమ్స్ లెక్క ముందే వేసుకోవాలి. బొమ్మల దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యత నిబంధన కూడా వచ్చింది. ఆర్డర్ పెట్టే రోజు ఉన్న రేటు చూసుకుని, అది కలిపాకే బేరమో కాదో తేల్చుకోండి.

మెగాట్రాన్‌ని వెంట తెచ్చుకునేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. అది వాల్తర్ పి38 పిస్తోలుగా మారే బొమ్మ, ఎక్స్‌రేలో అచ్చం తుపాకీలా కనిపిస్తుంది. చేతి సంచిలో పెట్టొద్దు, రోబో రూపంలోకి మార్చి, పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ లగేజీలో వేయండి.

ఏడో మెట్టు: శుభ్రం చేయడం, దాచడం

వచ్చిన బొమ్మని తీసుకెళ్లి నీళ్లలో ముంచకండి. లోహపు భాగాలు, ఇరుసులు, స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పడతాయి, స్టిక్కర్లు లేస్తాయి. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, తర్వాత కొంచెం సబ్బునీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ప్లాస్టిక్ భాగాలు మాత్రం తుడవండి, ఇరుకుల్లో ఇయర్‌బడ్ వాడండి. క్రోమ్ మీద ఆల్కహాల్, గరుకు గుడ్డ, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు, ఆ పూత చాలా పల్చన, ఒకసారి పోతే పోయినట్టే. బ్యాటరీ బొమ్మల్లో పాత బ్యాటరీ కారి తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి అద్దితే వదులుతుంది, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేసే పద్ధతి ఒకటుంది. పనిచేస్తుంది, కానీ పసుపు మళ్లీ రావచ్చు, సరిగ్గా పూయకపోతే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అరుదైన బొమ్మ మీద నేనైతే చేయను.

మొదటిసారి రూపం మార్చేటప్పుడు చల్లటి గదిలో, తొందరలో మార్చొద్దు. సూచనల పుస్తకం ముందు పెట్టుకోండి, బిగుసుకుంటే ఆపండి, ఇంకో భాగం అడ్డుపడుతోందేమో వెతకండి.

దాచేటప్పుడు మొదటి శత్రువు ఎండ. కిటికీ ఎదురుగా అల్మారా పెట్టొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి స్క్రూలు, లోహం త్వరగా పాడవుతాయి కాబట్టి తలుపులున్న గాజు అల్మారా, అందులో సిలికా జెల్ సంచులు తప్పనిసరి, వానాకాలంలో వాటిని మారుస్తుండాలి. రబ్బరు టైర్లు వేరే ప్లాస్టిక్‌కి ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే ఆనిన చోట ప్లాస్టిక్ కరిగినట్టు మచ్చ పడుతుంది, కార్లని ఒకదానిమీద ఒకటి పేర్చకండి. మిసైల్ లాంచర్లని స్ప్రింగు లాగి ఉంచొద్దు.

చిన్న భాగాలన్నిటినీ జిప్ కవర్లలో వేసి, మీద బొమ్మ పేరు రాసి, ఒకే డబ్బాలో ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా అందని ఎత్తులో ఉండాలి, మిసైళ్లు గొంతులో ఇరుక్కునే సైజువి.

చివరిగా ఒక పట్టిక. ఫోన్‌లో ఎక్సెల్ చాలు. బొమ్మ పేరు, ఎక్కడ కొన్నారు, ఎంతకి, ఏం తక్కువుంది, ఏ భాగం కొత్తగా అచ్చుపోసింది, ముద్ర ఫొటో. ఈ "ఏం తక్కువుంది" అన్న గడి దగ్గరుంటే ఎవరైనా విడిభాగాల పెట్టె ముందు పెట్టినప్పుడు తడుముకోకుండా కావాల్సింది ఏరుకుంటారు. "కొత్తగా అచ్చుపోసింది" అన్న గడి రేపు మీరు ఆ బొమ్మ అమ్మినప్పుడు కొనేవాడికి చూపించాలి.